ఎవరి బిడ్డ బొడ్డుతాడో... మా అన్నకు ప్రాణం!

బొడ్డుతాడు అనగానే మన ఇళ్లలో గుర్తొచ్చేవి రెండే. ఒకటి పురుడు. రెండోది, ఎండి రాలిపోయిన బొడ్డుముక్కని తాయెత్తులో పెట్టి పిల్లల మొలకి కట్టడం. మా అమ్మమ్మ నాక్కూడా కట్టిందట. ఈమధ్య మూడోది కూడా చేరింది. ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉన్నారని తెలిస్తే చాలు, బొడ్డుతాడు రక్తం దాచుకోండి అంటూ ఫోన్లకి వచ్చే ప్రకటనలు.

నేను చెప్పబోయేది ఈ మూడింటిలోనూ లేని సంగతి. ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషికి, ముక్కూ మొహం తెలియని ఇద్దరు పసిబిడ్డల బొడ్డుతాడు రక్తం ఎక్కిస్తుంటే నేను పక్కనే ఉన్నాను. ఆ మనిషి ఇవాళ నాతో ఫోన్‌లో క్రికెట్ గురించి వాదిస్తున్నాడు. మధ్యలో ఏం జరిగిందో తెలిస్తే మీలో ఒకరిద్దరికైనా పనికొస్తుందని రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు. ఒంగోలు నుంచి వచ్చి సియాటెల్ పక్కన బెల్‌వ్యూలో కోడ్ రాసుకుని బతికేవాణ్ణి. అర్థం కానిదాన్ని అర్థమయ్యేదాకా తవ్వే జబ్బు మాత్రం ఉంది.

అన్న అంటే ఎవరంటే...

రక్తసంబంధం కాదు. ఆఫీసులో నా సీనియర్. ఊరు తెనాలి. నేను అమెరికాలో మొదటి ఉద్యోగానికి చేరినప్పుడు ఎయిర్‌పోర్టుకి వచ్చి తీసుకెళ్లింది ఆయనే. అద్దెకి గది దొరికేదాకా నెలరోజులు వాళ్లింట్లోనే ఉన్నా. వదిన చేతి గోంగూర పప్పు తిన్నవాడికి ఆ ఇంటిమీద కొంత హక్కు వస్తుంది, కొంత బాధ్యత కూడా వస్తుంది.

2021 డిసెంబరులో అన్న నీరసంగా ఉందన్నాడు. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం. బ్యాడ్మింటన్ ఆడితే కాళ్లమీద నీలం మచ్చలు. విటమిన్ల లోపమేమో అనుకుని రక్తపరీక్ష చేయించుకుంటే, ప్లేట్‌లెట్లు 18 వేలే ఉన్నాయని ఆ రాత్రే ఎమర్జెన్సీకి రమ్మన్నారు. అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా. మూలుగలో పుట్టాల్సిన మంచి రక్తకణాల చోటంతా పనికిరాని పిల్లకణాలు ఆక్రమించేసే బ్లడ్ క్యాన్సర్.

కీమోథెరపీ ఇచ్చారు. తగ్గింది. హమ్మయ్య అనుకుని అన్నవరం మొక్కు కూడా ప్లాన్ చేసుకున్నారు. ఎనిమిది నెలలు తిరక్కుండానే, 2022 ఆగస్టులో జబ్బు మళ్లీ వచ్చింది. రెండోసారి కీమో ఇచ్చాక మైక్రోస్కోపు కింద కనబడకుండా పోయిందిగానీ, అంతకంటే సూక్ష్మమైన పరీక్షలో ఆనవాళ్లు మిగిలే ఉన్నాయి. "ఇక ట్రాన్స్‌ప్లాంట్ ఒక్కటే దారి, అదీ త్వరగా" అన్నారు డాక్టరమ్మ.

ఇక్కడ ట్రాన్స్‌ప్లాంట్ అంటే ఏదో అవయవం కోసి పెట్టడం కాదు. ముందు బలమైన కీమో, రేడియేషన్‌తో రోగి మూలుగని ఖాళీ చేస్తారు. తర్వాత వేరేవాళ్ల మూలకణాలని మామూలు రక్తంలా నరంలోంచి ఎక్కిస్తారు. అవి దారి వెతుక్కుంటూ ఎముకల్లోకి వెళ్లి, కొత్త రక్తాన్ని పుట్టిస్తాయి. ఆ కొత్త రక్తంలోని రక్షక కణాలు మిగిలిపోయిన క్యాన్సర్ కణాలని పరాయివిగా గుర్తించి చంపుతాయి. అసలు వైద్యం ఇదే. ఈ పద్ధతిని నిలబెట్టిన డాక్టర్ డోనల్ థామస్ పనిచేసింది సియాటెల్‌లోనే. దానికి ఆయనకి 1990లో నోబెల్ వచ్చింది. మన దేశంలో 1983లోనే ముంబయి టాటా మెమోరియల్‌లో డాక్టర్ సురేశ్ అద్వానీ బృందం మొదటి మూలుగ మార్పిడి చేసింది.

మరి మూలకణాలు ఎవరివి? అక్కడే మొదలైంది మా తిప్పలు.

నాలుగు బొమ్మాబొరుసులు

హెచ్‌ఎల్‌ఏ అని ఒకటుంది. మన కణాలమీద ఉండే గుర్తింపు కార్డు అనుకోండి. ఆరో క్రోమోజోమ్‌లో ఉంటుంది దీని రాత. అమ్మ నుంచి ఒక సగం, నాన్న నుంచి ఒక సగం వస్తుంది. అందుకే తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. రెండు నాణేలు ఎగరేస్తే రెండూ బొమ్మే పడాలి. అంతే లెక్క.

అన్నకి ఒక్కతే చెల్లెలు. విజయవాడలో ఉంటుంది. పరీక్ష చేయిస్తే సగమే కలిసింది. సగం కలిసినా ఈమధ్య చేస్తున్నారు, ఆ సంగతి తర్వాత చెప్తా. కానీ అక్క అప్పటికి ఆరో నెల గర్భవతి. ఆమె నుంచి మూలకణాలు తీసే ప్రశ్నే లేదు. నాన్నగారికి డెబ్భై దాటాయి, బైపాస్ అయింది. అమ్మకి షుగరు, కిడ్నీలు అంతంత మాత్రం. అన్న కూతురికి ఐదేళ్లు.

"మీ కుటుంబంలో దగ్గర సంబంధాలు ఉన్నాయా?" అని డాక్టరమ్మ అడిగింది. మేనరికాలు ఉన్న ఇళ్లలో ఒక్కోసారి మేనత్త పిల్లలతోనో, మేనమామతోనో కూడా హెచ్‌ఎల్‌ఏ కలుస్తుందట. అన్నవాళ్లింట్లో రెండు తరాలుగా అవేం లేవు. "చదువుకున్న కుటుంబం, అన్నీ బయటి సంబంధాలే" అని గర్వంగా చెప్పుకునే అన్నవాళ్లమ్మ ఫోన్‌లో ఆ మాట విని చాలాసేపు మాట్లాడలేదు.

ఇక మిగిలింది రిజిస్ట్రీలు. ప్రపంచం మొత్తం మీద 4 కోట్లకు పైగా జనం స్వచ్ఛందంగా తమ హెచ్‌ఎల్‌ఏ వివరాలు నమోదు చేసుకున్నారు. అంతమందిలో ఒక్కరు దొరకరా అనిపిస్తుంది. అమెరికా జాతీయ రిజిస్ట్రీ లెక్క ప్రకారం ఇక్కడి తెల్లవాళ్లకి పూర్తిగా కలిసే దాత కనబడే అవకాశం 79 శాతం. ఆసియావాళ్లకి 47. కారణం సింపుల్. నమోదైనవాళ్లలో ఎక్కువమంది ఐరోపా మూలాలవాళ్లే. హెచ్‌ఎల్‌ఏ మన పూర్వీకుల జాడ. తెనాలివాడికి కలవాలంటే ఆ చుట్టుపక్కల మూలాలున్నవాళ్లు జాబితాలో ఉండాలి కదా! మనవాళ్లు జాబితాలో లేరు.

అయినా ఇండియాలో ఒకరు కలిసేలా కనబడ్డారు. ఆ వారం రోజులు వదిన ముఖంలో వెలుగు చూశాను. తొమ్మిదో రోజు కోఆర్డినేటర్ ఫోన్ చేసింది. దాత అందుబాటులో లేరు. అంతే. కారణం చెప్పరు, చెప్పకూడదు కూడా. ఫోన్ నంబరు మారిందో, ఇంట్లోవాళ్లు వద్దన్నారో, విదేశాలకి వెళ్లారో. ఆ ఒక్క వాక్యంతో తలుపు మూసుకుపోయింది.

మేమూ ఊరుకోలేదు. దసరాకి గుడి దగ్గర టేబుల్ వేసి, చెంప లోపల దూదిపుల్ల రుద్దించి, 140 మంది నమూనాలు పంపాం. ఒక్కటీ అన్నకి కలవలేదు. కలవదని లెక్క తెలిసినవాడిగా నాకు ముందే తెలుసు. అయినా చేశాం. ఎందుకంటే రేపు ఇంకెవరో వెతుకుతారు.

"అయితే బొడ్డుతాడు చూద్దాం"

డాక్టరమ్మ ఈ మాట అన్నప్పుడు అన్నకి నవ్వొచ్చింది. "నా వయసెంత, బొడ్డుతాడేంటి మేడం?" అన్నాడు.

ప్రసవం అయ్యాక బొడ్డుతాడులో, మాయలో కొంచెం రక్తం మిగిలిపోతుంది. మామూలుగా అది చెత్తబుట్టలోకి పోతుంది. అందులో రక్తాన్ని పుట్టించే మూలకణాలు ఉంటాయని, వాటిని గడ్డకట్టించి దాచొచ్చని ఇండియానాలో హాల్ బ్రాక్స్‌మెయర్ అనే శాస్త్రవేత్త చూపించాడు. 1988 అక్టోబరులో పారిస్ సెయింట్ లూయీ ఆసుపత్రిలో ఎలియాన్ గ్లక్‌మన్ అనే డాక్టరమ్మ ప్రపంచంలో మొదటిసారి దాన్ని ఎక్కించింది. రోగి మాథ్యూ ఫారో అనే ఐదేళ్ల అమెరికన్ బాబు. ఫాంకోని అనీమియా. అప్పుడే పుట్టిన అతని చెల్లెలి బొడ్డుతాడు రక్తాన్ని అమెరికాలో గడ్డకట్టించి పారిస్ తీసుకెళ్లారు. ఆ బాబు బతికాడు, పెరిగి పెద్దవాడయ్యాడు.

తర్వాత న్యూయార్క్ బ్లడ్ సెంటర్‌లో పాబ్లో రూబిన్‌స్టైన్ మొదటి పబ్లిక్ బ్యాంకు పెట్టాడు. అంటే ఎవరి బిడ్డ రక్తమైనా ఉచితంగా దానం చేయొచ్చు, అవసరమైన ఎవరైనా వాడుకోవచ్చు. 1993లో డ్యూక్ యూనివర్సిటీలో జోవాన్ కుర్ట్‌జ్‌బర్గ్ ఆ బ్యాంకు నుంచి తెప్పించి, ఏ బంధుత్వమూ లేని బిడ్డ రక్తాన్ని ఒక చిన్నపిల్లవాడికి ఎక్కించింది.

ఇందులో గొప్ప సౌలభ్యం ఏంటంటే, పూర్తిగా కలవక్కర్లేదు. పెద్దవాళ్ల మూలకణాలయితే ముఖ్యమైన 8 గుర్తులకి 8 కలవాలని చూస్తారు. బొడ్డుతాడు అయితే 6 గుర్తుల్లో 4 కలిసినా చాలు. పసిబిడ్డ రక్షక కణాలు ఇంకా లోకం చూడలేదు. ఎవరితోనూ తగాదా పడలేదు. కాబట్టి కొత్త ఒంట్లోకి వెళ్లినా సర్దుకుపోయే గుణం ఎక్కువ. పైగా ఆ రక్తం ఇప్పటికే ఫ్రీజర్‌లో ఉంది. దానికి ఫోన్ నంబరు మారదు. ఇంట్లోవాళ్లు వద్దనరు.

మరి అంత బాగుంటే అందరికీ అదే ఎక్కించొచ్చు కదా? ఇక్కడే ఉంది మెలిక.

చాలని లెక్క

ఒక బిడ్డ బొడ్డుతాడులో దొరికే రక్తం ఒక చిన్న గ్లాసుడు. మూలుగ దాత నుంచి వచ్చే కణాలతో పోలిస్తే ఇందులో ఉండేవి సుమారు పదోవంతు. పదిహేను కిలోల పిల్లాడికి అది సరిపోతుంది. పెద్దవాళ్లకి చాలదు. కిలో బరువుకి కనీసం 2.5 కోట్ల కణాలు ఉండాలన్నది డాక్టర్లు పెట్టుకున్న గీత. అన్న 74 కిలోలు. అంటే 185 కోట్ల కణాలు కావాలి. ఆయనకి బాగా కలిసిన యూనిట్‌లో ఉన్నవి 125 కోట్లు.

తక్కువ కణాలతో వెళ్తే కొత్త రక్తం పుట్టడం ఆలస్యమవుతుంది, ఒక్కోసారి అసలు పుట్టదు. ఆలోగా చిన్న ఇన్ఫెక్షన్ వచ్చినా మనిషి పోతాడు. 2001లో 68 మంది పెద్దవాళ్ల ఫలితాలు బయటికొచ్చినప్పుడు తేలింది అదే. పెద్దవాళ్లకీ ఇది పనిచేస్తుంది, కానీ కణాల సంఖ్యే ప్రాణం.

దీనికి మిన్నెసోటా యూనివర్సిటీలో జూలియట్ బార్కర్, జాన్ వాగ్నర్ బృందం కనిపెట్టిన ఉపాయం, ఒకటి చాలకపోతే రెండు ఎక్కించడం. 2005లో 23 మంది ఫలితాలు ప్రచురించారు. రెండు వేర్వేరు బిడ్డల రక్తం. ఆఖరికి ఆ రెండింటిలో ఒక్కటే నిలబడుతుంది. రెండోది తన సాయం చేసి కనుమరుగైపోతుంది. ఈ మాట విన్నప్పుడు నాకెందుకో గుండె కలుక్కుమంది.

అన్నకి రెండో యూనిట్ కూడా దొరికింది, 112 కోట్ల కణాలతో. మొదటిది అమెరికాలోనే దాచింది, ఆడపిల్లది. రెండోది ఐరోపా బ్యాంకుది, మగపిల్లాడిది. ఆడపిల్ల రక్తం దాచిన సంవత్సరం 2009.

ఇంకో కారణం కూడా డాక్టరమ్మ చెప్పింది. సియాటెల్‌లోని ఫ్రెడ్ హచ్ పరిశోధకులు 582 మంది రోగులని పరిశీలించి 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. మార్పిడికి ముందు జబ్బు ఆనవాళ్లు మిగిలి ఉన్నవాళ్లలో, బొడ్డుతాడు రక్తం తీసుకున్నవాళ్లకి జబ్బు తిరగబెట్టడం తక్కువగా కనబడింది. అన్న సరిగ్గా ఆ కోవలోనే ఉన్నాడు.

ఈలోగా విజయవాడ నుంచి అక్క ఫోన్. "తమ్ముడూ, నాకు డిసెంబర్లో డెలివరీ. నా బిడ్డ బొడ్డుతాడు అన్నయ్యకి పనికిరాదా? సొంత మేనల్లుడో మేనకోడలో అవుతుంది కదా." ఆమె గొంతులో ఆశ విని నాకు వెంటనే లెక్క చెప్పబుద్ధి కాలేదు. కానీ చెప్పాలి. అన్నతో కలిసిన సగం బిడ్డకి రావడానికి అవకాశం సగం. వచ్చినా మిగతా సగం బావగారి వైపు నుంచి వస్తుంది. అన్నీ కలిసినా కణాలు చాలవు. అంతకంటే ముఖ్యం, జబ్బు డిసెంబరు దాకా ఆగదు. "నువ్వు ఇవ్వలేకపోవడం నీ తప్పు కాదక్కా" అన్నాను. అవతల చాలాసేపు నిశ్శబ్దం. ఆ మాట ఆమెకి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదట.

సున్నా రోజు

నవంబరులో ఒక మంగళవారం. ట్రాన్స్‌ప్లాంట్ జరిగే రోజుని సున్నా రోజు అంటారు. దానికి ముందు రోజుల్ని మైనస్‌లో లెక్కపెడతారు. మాలాంటివాళ్లకి ఇండెక్స్ సున్నా నుంచి మొదలవడం కొత్త కాదు. అన్న కూడా అదే జోకు వేశాడు, నోరంతా పుళ్లతో.

ద్రవ నైట్రోజన్‌లో, మైనస్ 196 డిగ్రీల దగ్గర పదమూడేళ్లు నిద్రపోయిన రక్తాన్ని కరిగించి తెచ్చారు. బ్యాగు చూస్తే ఇంతేనా అనిపించింది. మన హోటళ్లలో ఇచ్చే టీ గ్లాసుడు ఉంటుందేమో. నర్సు రెండుసార్లు నంబర్లు సరిచూసుకుని తగిలించింది. అరగంటలో ఒకటి, కాసేపాగి ఇంకొకటి. గదంతా వెల్లుల్లి, ఉడికిన మొక్కజొన్న కలిపినట్టు ఒక వాసన. కణాలు గడ్డకట్టినా పగిలిపోకుండా కలిపే రసాయనం అట, రోగి ఊపిరిలోంచి బయటికొస్తుంది. వదిన వీడియో కాల్‌లో అత్తగారికి చూపించింది. తెనాలిలో ఆవిడ దేవుడి గదిలో దీపం పెట్టుకుని కూర్చుంది. "ఆ పిల్లల తల్లులు చల్లగా ఉండాలి" అంది. అంతే, ఇంకేం అనలేదు.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు వేస్తారు. అసలు కష్టం మొదలైంది ఇక్కణ్ణుంచే.

రోజూ పొద్దున్నే రక్తపరీక్ష. తెల్లకణాలు సున్నా. పదో రోజు సున్నా. పదిహేనో రోజు సున్నా. పందొమ్మిదో రోజు కూడా సున్నానే. జ్వరం, యాంటీబయాటిక్స్, రోజు మార్చి రోజు ప్లేట్‌లెట్లు ఎక్కించడం. బొడ్డుతాడుతో సగటున మూడు వారాల పైన పడుతుందని చదివాను గనుక ధైర్యంగానే ఉండాలి. చదివినదానికీ, రాత్రి రెండింటికి ఆసుపత్రి కుర్చీలో కూర్చున్నదానికీ తేడా ఉంటుంది. ఇరవై ఆరో రోజున న్యూట్రోఫిల్స్ వరుసగా మూడోసారి 500 దాటాయి. కొత్త రక్తం పుట్టింది. ఇరవై ఎనిమిదో రోజు పరీక్షలో ఆ రక్తం ఎవరిదో తేలింది, 97 శాతం ఆ 2009 ఆడపిల్లది.

వంద రోజుల డ్యూటీ

డిశ్చార్జి అయ్యాక వందో రోజు దాకా ఆసుపత్రికి అరగంట దూరంలోనే ఉండాలి. పక్కన ఒక మనిషి ఇరవైనాలుగు గంటలూ ఉండాలి. లేకపోతే అసలు ట్రాన్స్‌ప్లాంట్‌కే ఒప్పుకోరు. వదిన ఉద్యోగం, పాప స్కూలు. ఇండియా నుంచి పెద్దవాళ్లు రాలేని పరిస్థితి. కాబట్టి మేం తొమ్మిది మందిమి ఒక షీటు పెట్టుకుని షిఫ్టులు వేసుకున్నాం. నావి శుక్రవారం రాత్రి, ఆదివారం పగలు.

ఇంట్లో రూల్స్ వింటే మన ఆడవాళ్లు గొడవకొస్తారు. నిల్వ పచ్చళ్లు వద్దు. ఇంట్లో తోడుపెట్టిన పెరుగు వద్దు. కారప్పొడి పైన చల్లకూడదు, కూరతోపాటు ఉడకాలి. కుండీల్లో మట్టి ఉంటే బూజు కణాలు గాల్లో లేస్తాయి కాబట్టి మొక్కలు ఉండకూడదు. వదిన తులసి కుండీని పక్కింటి గుజరాతీ ఆంటీకి అప్పజెప్పింది. రోజూ సాయంత్రం అక్కడికి వెళ్లి దీపం పెట్టి వచ్చేది.

ఇంకో భయం కూడా ఉంది. దాని గురించి ఆసుపత్రి పుస్తకంలో ఉండదు. హెచ్‌1బి. చట్టప్రకారం జీతం లేని సెలవు 12 వారాలు. ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి 60 రోజులు. ఇన్సూరెన్స్ ఆ ఉద్యోగంతోనే ముడిపడి ఉంది. సరిగ్గా 2023 జనవరిలో మా రంగమంతా లేఆఫ్‌లు. ఆ బుధవారం పొద్దున మెయిల్ వచ్చేదాకా వదిన అన్నం ముట్టలేదు. అన్న పేరు జాబితాలో లేదు. నా పక్క సీటు అతని పేరు ఉంది. ఊపిరి పీల్చుకోవాలో, ఏడవాలో తెలియని రోజది.

యాభయ్యో రోజు దగ్గర ఒంటిమీద దద్దుర్లు, ఆగని విరేచనాలు. కొత్త రక్తం పాత ఒంటిని పరాయిదనుకుని చేసే దాడి. స్టెరాయిడ్లు ఇచ్చారు. దాంతో షుగరు వచ్చింది. ఒళ్లో నిద్రపోతున్న సీఎంవీ వైరస్ లేచింది, దానికి మందులు. ఒక సమస్యకి వేసిన ప్యాచ్ ఇంకో బగ్‌ని తెచ్చిపెడుతుందని మాకు తెలిసిందే. మనిషి ఒంటిమీద చూడటం వేరు. 74 కిలోలవాడు 57కి దిగాడు. ఆసుపత్రి వరండాలో ఆయనతోపాటు రోజూ నడిచే ఒక పెద్దాయన ఫిబ్రవరిలో కనబడటం మానేశాడు. మేం ఎవరం అడగలేదు.

ఇప్పుడు ఎవరికి ఏది?

అన్నకి బొడ్డుతాడు పనిచేసిందని అందరికీ అదే సరైనదని నేను చెప్పను. లెక్కలు చూపిస్తా. అమెరికాలో 368 మంది పెద్దవాళ్లమీద ఒక పెద్ద పరీక్ష జరిగింది. సగం మందికి రెండు బొడ్డుతాళ్లు, సగం మందికి సగం కలిసిన బంధువు మూలుగ. ఫలితాలు 2021లో వచ్చాయి. రెండేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా బతికున్నవాళ్లు బొడ్డుతాడు వైపు 35 శాతం, బంధువు వైపు 41. ఆ తేడా పెద్దదేం కాదు. కానీ మొత్తం బతికున్నవాళ్లు 46 శాతం, 57 శాతం. ఇక్కడ బంధువు వైపే మొగ్గు.

అందుకే ఇప్పుడు చాలాచోట్ల సగం కలిసిన అన్నో, చెల్లో, కొడుకో, కూతురో ఉంటే వాళ్లనుంచే తీసుకుంటున్నారు. మార్పిడి తర్వాత సైక్లోఫాస్ఫమైడ్ అనే పాత కీమో మందు ఇచ్చి కొత్త కణాల దూకుడు తగ్గించే పద్ధతిని జాన్స్ హాప్కిన్స్‌వాళ్లు నిలబెట్టారు. మందు చవక. అదే బొడ్డుతాడు యూనిట్ ఒక్కోటి పదుల వేల డాలర్లు. ఇండియాలో పెద్దవాళ్లకి డాక్టర్లు ముందు కుటుంబం వైపే చూడటానికి ఇదొక కారణం. జపాన్ కథ వేరు. అక్కడ ఏటా వెయ్యికి పైగా బొడ్డుతాడు మార్పిడులు జరుగుతున్నాయి, పెద్దవాళ్లకి కూడా. సన్నటి మనుషులు కాబట్టి ఒక్క యూనిట్‌తోనే సరిపెడతారు.

చాలని కణాల సమస్యకి కూడా మందు వచ్చింది. బొడ్డుతాడు కణాలని ల్యాబ్‌లో పెంచి ఇచ్చే ఒమిడుబిసెల్‌ని 2023 ఏప్రిల్‌లో అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించింది. 125 మంది మీద జరిగిన పరీక్షలో మామూలు బొడ్డుతాడుతో 22 రోజులు పట్టిన కోలుకోవడం దీంతో 12 రోజుల్లో అయింది. అన్న ట్రాన్స్‌ప్లాంట్ అయిన ఐదు నెలలకి వచ్చిందది. ఆ వార్త పంపిస్తే, "నా పది రోజులు నాకు తిరిగిచ్చేయమను" అని మెసేజ్ పెట్టాడు.

దాచుకోవాలా, వద్దా?

అక్కకి ఎనిమిదో నెలలో ఒక ఏజెంటు ఇంటికొచ్చాడు. బ్రోచరు, ఈఎంఐ, డిస్కౌంటు. బ్లడ్ క్యాన్సర్‌తో మేనమామ మంచంమీద ఉన్న ఇల్లు అది. ఆ ఇంట్లో వద్దనడానికి ఎవరికి నోరొస్తుంది? బావగారు చెక్కు రాయడానికి సిద్ధపడ్డారు. అక్క మళ్లీ నాకే ఫోన్ చేసింది.

నేను చెప్పింది ఇది. బిడ్డకే రేపు బ్లడ్ క్యాన్సర్ వస్తే సాధారణంగా సొంత బొడ్డుతాడు రక్తం వాడరు. జబ్బుకి బీజం పుట్టినప్పటి రక్తంలోనే ఉండే అవకాశం ఉంది. పైగా మార్పిడిలో అసలు వైద్యం పరాయి రక్తం చేసే యుద్ధమే కదా, సొంత రక్తం ఆ యుద్ధం చేయదు. అందుకే మన ఐసీఎంఆర్ కూడా, ముందుజాగ్రత్త పేరుతో సొంతానికి దాచుకోవడాన్ని సమర్థించడం లేదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘమూ 2017లో అదే మాట చెప్పింది. ఇంట్లో ఇప్పటికే మార్పిడితో నయమయ్యే జబ్బు ఉన్న పిల్లాడు ఉంటే, ఉదాహరణకి తలసేమియా ఉన్న అన్నయ్యకి తమ్ముడు పుడుతుంటే, అప్పుడు తప్పకుండా డాక్టర్ని అడగాలి. అది వేరే లెక్క. అన్నకి ఎక్కించిన రెండు యూనిట్లూ ఎవరో సొంతానికి దాచుకున్నవి కావు, దానం చేసినవి.

పుట్టగానే తాడు కోసేయకుండా కనీసం ఒక నిమిషం ఆగమని డబ్ల్యూహెచ్‌ఓ చెబుతోంది. ఆ రక్తం బిడ్డకే చేరితే ఐరన్ నిల్వలు పెరుగుతాయి. అక్క ఏజెంటుకి నమస్కారం పెట్టి పంపేసింది. డిసెంబరులో పాప పుట్టింది. తాడు కొట్టుకోవడం ఆగేదాకా ఆగి కోశారట. ఫొటో చూసి అన్న ఆసుపత్రి మంచంమీద, పద్నాలుగు రోజుల తర్వాత మొదటిసారి లేచి కూర్చున్నాడు.

మూడేళ్లు నిండాయి

అన్నకి జబ్బు ఆనవాళ్లు లేవు. ఐదేళ్లు దాటితేగానీ డాక్టర్లు గట్టిగా ఏమీ చెప్పరు. కళ్లు పొడిబారతాయి, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. రక్తం గ్రూపు ఓ నుంచి ఏకి మారింది. చిన్నప్పటి టీకాల రక్షణ పోయింది కాబట్టి అన్నీ మళ్లీ వేయించుకోవాల్సి వచ్చింది. కూతురి టీకా కార్డు పక్కనే నాన్న టీకా కార్డు కూడా ఫ్రిజ్‌కి అంటించింది వదిన.

ఆ 2009 అమ్మాయి ఇప్పుడు హైస్కూల్లో ఉండాలి. తన రక్తం తెనాలి మనిషి ఎముకల్లో పుడుతోందని ఆ పిల్లకి తెలియదు, తెలిసే వీలూ లేదు. వాళ్లమ్మ పురిటినొప్పులకి ముందు ఒక కాగితంమీద సంతకం పెట్టింది, అంతే.

మనకి అలాంటి సంతకం పెట్టే పబ్లిక్ బ్యాంకు ప్రతి ఊళ్లో లేదు. కానీ మనం చేయగలిగింది ఇంకోటి ఉంది. చెన్నైలోని దాత్రి, బెంగళూరులోని డీకేఎంఎస్ ఫౌండేషన్ లాంటి రిజిస్ట్రీలు ఉన్నాయి. పద్దెనిమిదేళ్లు దాటి ఆరోగ్యంగా ఉండాలి. చెంప లోపల దూదిపుల్ల రుద్ది ఇవ్వడమే. ఎప్పుడైనా ఎవరికైనా కలిస్తే, చాలాసార్లు చేతి నరంలోంచే, ప్లేట్‌లెట్ దానంలాగా తీసుకుంటారు. ఇచ్చిన కణాలు మళ్లీ కొన్ని వారాల్లో ఒంట్లో పుడతాయి.

నమోదు చేసుకునే ముందే ఇంట్లో మాట్లాడండి. అమ్మానాన్నలకి, పెళ్లయితే జీవిత భాగస్వామికి, అత్తమామలకి అర్థమయ్యేలా చెప్పండి. ఇప్పటికే నమోదై ఉన్నవాళ్లకి నాదొక్కటే విన్నపం. ఫోన్ నంబరు మారితే, ఊరు మారితే, దయచేసి రిజిస్ట్రీకి చెప్పండి. తెలియని నంబరు నుంచి కాల్ వస్తే ఒక్కసారి ఎత్తండి. అవతల ఎవరో వదిన తొమ్మిది రోజులుగా ఆ కబురు కోసం ఎదురుచూస్తూ ఉండొచ్చు.